బరాక్‌పూర్ తాబేలు, హవల్దార్ ఇంటి కుక్క

2006 మార్చిలో కోల్‌కతాలోని అలీపూర్ జంతుప్రదర్శనశాలలో ఒక ముసలి తాబేలు కన్నుమూసింది. దాని పేరు అద్వైత. హిందూ మహాసముద్రంలోని ఆల్డాబ్రా దీవుల జాతికి చెందిన ఆ భారీ తాబేలు బరువు సుమారు 250 కిలోలు. వయసు రెండున్నర శతాబ్దాలు ఉంటుందని అధికారులు చెప్పారు. అది రాబర్ట్ క్లైవ్ పెంచుకున్న తాబేలని, బరాక్‌పూర్ తోటలో తిరిగేదని, అలీపూర్ జూ ఏర్పడినప్పుడు అక్కడి నుంచి తరలించారని దేశవిదేశాల పత్రికలు రాశాయి.

కథ బాగుంది. తేదీలు మాత్రం అంత తేలిగ్గా కుదరవు. క్లైవ్ 1767లో భారతదేశాన్ని శాశ్వతంగా విడిచి వెళ్లాడు. బరాక్‌పూర్‌లో కంపెనీ సైన్యం స్థిరపడింది 1772 ప్రాంతంలో. అక్కడ గవర్నర్ జనరల్ ఉద్యానవనం, జంతుశాల వెలసినవి 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, వెల్లస్లీ హయాంలో. కాబట్టి తాబేలు క్లైవ్‌దే అయినా, కాకపోయినా, అది బతికిన తోట మాత్రం క్లైవ్ తోట కాదు. అది కంటోన్మెంటు పక్కన పెరిగిన తోట. సైనిక నివాసాల్లో పెంపుడు జంతువుల చరిత్రను అక్కడి నుంచి చదవడం మొదలుపెడితే, అది జంతువుల చరిత్రగా కంటే హోదాల చరిత్రగానే ఎక్కువ కనిపిస్తుంది.

క్లైవ్ పేరు తలచుకున్నప్పుడు తెలుగువారికి గుర్తు రావలసిన విషయం మరొకటి ఉంది. 1756 చివర అతడు మద్రాసు నుంచి ఓడల్లో కలకత్తాకు తీసుకువెళ్లిన సైన్యంలో దక్షిణాది సిపాయిలున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ తరువాత వంగదేశంలోను, ఉత్తరాదిలోను సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. 1857లో ఢిల్లీ వీధుల్లో కనిపించిన తిరుగుబాటు సిపాయిలు అధికభాగం అవధ్, భోజ్‌పురీ ప్రాంతాల వారైనా జనం వారిని తిలంగాలనే పిలిచారు. పేరు తెలుగువారిది, బతుకు మాత్రం వేరు. మద్రాసు సిపాయి భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని లైన్లలో కాపురం ఉండేవాడు. బెంగాల్ సిపాయి సాధారణంగా కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చేవాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: కంపెనీ ఇచ్చే కొద్దిపాటి సొమ్ముతో తమ గుడిసె తామే వేసుకోవడం. ఇంగ్లీషు అధికారికి బంగళా, తోట, గుర్రపుశాల, నౌకర్లు. సిపాయికి మట్టిగోడ, గడ్డికప్పు.

ఈ ద్వైతం బరాక్‌పూర్‌లో కళ్లకు కట్టేది. ఒక పక్కన వెల్లస్లీ జంతుశాల. దాని పర్యవేక్షణ కొంతకాలం ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బుకానన్ చేతిలో ఉంది. పేరుకు విజ్ఞానశాస్త్రం, గవర్నర్ జనరల్ దర్పం ప్రదర్శించుకోవడానికీ అది పనికివచ్చింది. వెల్లస్లీ ఆడంబరపు ఖర్చులు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు మింగుడుపడలేదు. మూడు దశాబ్దాల తరువాత గవర్నర్ జనరల్ ఆక్లాండ్ సోదరి ఎమిలీ ఈడెన్ తన స్పానియల్ కుక్క ‘ఛాన్స్’తో ఇక్కడికి వచ్చింది. ఆ కుక్క ఆలనాపాలనకు ప్రత్యేకంగా ఒక నౌకరు ఉండేవాడు.

అదే బరాక్‌పూర్‌లో సిపాయిలకు జంతువు కావలసి వచ్చిన సందర్భం ఇంకోలా నడిచింది. 1824లో బర్మా యుద్ధానికి చిట్టగాంగ్ మీదుగా నడవమని బెంగాల్ సిపాయిలకు ఆజ్ఞ వచ్చింది. వంట పాత్రలు, సొంత సామాను మోయడానికి ఎద్దులు కావాలి. వాటి ఖర్చు సిపాయిదే. ఉన్న ఎద్దులను అప్పటికే యుద్ధ అవసరాలకు లాగేసుకున్నారు. మిగిలినవాటి ధర సిపాయి జీతానికి అందదు. ఎద్దులు ఇవ్వండి, లేదా భత్యం పెంచండి అని 47వ రెజిమెంటు అడిగింది. అడిగినది దొరికే వరకు కదలమంది. నవంబరు 2న సైన్యాధిపతి ఎడ్వర్డ్ పాజెట్ వారిమీద ఫిరంగులు పేల్పించాడు. చాలామంది అక్కడికక్కడే చనిపోయారు. నాయకుడు బిందా తివారీని ఉరితీశారు. రెజిమెంటు పేరే సైన్యం జాబితాలోంచి కొట్టివేశారు. దొరసాని కుక్కకు నౌకరును పెట్టగలిగిన ప్రభుత్వం, సిపాయి మూటకు ఎద్దును ఇవ్వలేకపోయింది. మరో 33 ఏళ్లకు అదే కంటోన్మెంటులో, ఆవు, పంది కొవ్వు పూసిన తూటాల వదంతి నేపథ్యంలో, మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు.

తిరుగుబాటు అణగిన తరువాత దయకు, నియంత్రణకు రెండింటికీ సంస్థలు పుట్టాయి. 1861లో చిత్రకారుడు కోల్స్‌వర్దీ గ్రాంట్ చొరవతో కలకత్తాలో జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. ఆసియాలో అటువంటి సంఘాల్లో మొదటిది అదే. 1876లో అలీపూర్ జూ తెరుచుకుంది. బరాక్‌పూర్ జంతువులు అక్కడికి చేరాయి. ఇక కంటోన్మెంటు లోపల 1924 నాటి కంటోన్మెంట్ల చట్టం వచ్చింది. పెంచుకునే ప్రతి కుక్కనూ నమోదు చేయించాలని, మెడపట్టీకి లోహపు బిళ్ల ఉండాలని నిబంధనలు పెట్టే అధికారాన్ని అది బోర్డుకు ఇచ్చింది. బిళ్ల లేని కుక్క బహిరంగ స్థలంలో దొరికితే పట్టి ఉంచవచ్చు, చంపనూ వచ్చు. 2006లో పార్లమెంటు కొత్త కంటోన్మెంట్ల చట్టం చేసినప్పుడూ కుక్కల నమోదు, నియంత్రణ అధికారాలు బోర్డుల చేతుల్లోనే ఉండిపోయాయి.

గణతంత్రం వచ్చాక మరో దారీ తెరుచుకుంది. రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లును, ప్రభుత్వమే చట్టం తెస్తుందన్న నెహ్రూ హామీ మీద ఆమె ఉపసంహరించుకున్నారు. ఆ ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. పెంపుడు జంతువును దిక్కులేకుండా వదిలివేయడం దాని ప్రకారం నేరం. శిక్ష మాత్రం, మొదటిసారి అయితే, 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1976లో 42వ రాజ్యాంగ సవరణ జీవకారుణ్యాన్ని పౌరుడి ప్రాథమిక విధుల్లో చేర్చింది. 2015లో జంతు సంక్షేమ బోర్డు, అపార్టుమెంటు సంఘాలు మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు జంతువులను నిషేధించరాదని మార్గదర్శకాలు ఇచ్చింది.

సైనిక క్వార్టర్లలో ఈ మార్గదర్శకాల బలం పలచబడుతుంది. అక్కడ సంఘం లేదు, ఓటు లేదు. స్టేషన్ కమాండర్ ఉత్తర్వు ఉంది. ఇల్లు ప్రభుత్వానిది, కేటాయింపు తాత్కాలికం. పైగా ఆ ఇంటి రూపమే మారిపోయింది. 2002లో మొదలైన సైనిక కుటుంబ గృహనిర్మాణ పథకం సుమారు 2 లక్షల ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న చోట బహుళ అంతస్తుల భవనాలు రావడం అవసరమే. అయితే ప్రహరీ ఉన్న బంగళాలో కుక్క కాపలాదారు. మూడో అంతస్తు ఫ్లాటులో అదే కుక్క పొరుగువారి ఫిర్యాదు. ప్రహరీ ఉన్న ఇల్లు ఎవరికి దక్కుతుందో హోదా నిర్ణయిస్తుంది. కాబట్టి ఎవరి కుక్కకు ఫిర్యాదు తప్పుతుందో కూడా హోదాయే నిర్ణయిస్తుంది.

పొరుగువారి భయం బూటకమని ఈ మాటకు అర్థం కాదు. రేబిస్ ఇంకా ప్రాణాలు తీస్తున్న దేశం ఇది. టీకా, నమోదు, మెడపట్టీ, మెట్లమీద శుభ్రత అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. పిల్లలు ఆడుకునే ఆవరణలో ఆ హక్కు మరింత బలమైనది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకే దాన్ని సవరించవలసి రావడం, ఈ రెండు న్యాయాల మధ్య తూకం ఎంత కష్టమో చెబుతుంది.

అసలు పరీక్ష బదిలీ రోజున వస్తుంది. జవాను సరిహద్దులో ఉన్నప్పుడు వేరుపడిన కుటుంబాల క్వార్టరులో భార్యాపిల్లలకు ఆ కుక్క తోడు. రెండుమూడేళ్లకు ఇల్లు ఖాళీ చేయాలి. రైల్వే నిబంధనల ప్రకారం కుక్కను తమతో పెట్టెలో తీసుకువెళ్లాలంటే ఏసీ మొదటి తరగతిలో మొత్తం కూపేనో క్యాబిన్‌నో తీసుకోవాలి. లేకపోతే గార్డు పెట్టెలోని కుక్కల గూడే గతి. అధికారి కుటుంబానికి మొదటి దారి అందవచ్చు. హవల్దార్ కుటుంబానికి అది అందని ద్రాక్షే. హౌరా నుంచి సికిందరాబాదుకు ఒక రాత్రీ ఒక పగలూ ఎండలోనో చలిలోనో ఆ గూట్లో పంపడానికి మనసొప్పక, దిక్కులేకుండా వదిలి వెళ్లే కుటుంబాన్ని 50 రూపాయల చట్టం నేరస్థురాలంటుంది. 1824లో ఎద్దు ఖర్చు సిపాయిదే అన్నారు. ఇప్పుడు కుక్క ఖర్చు జవానుదే అంటున్నారు.

మార్పు రాదని అనడానికి వీల్లేదు. సేవకు పనికిరాని సైనిక శునకాలను చంపే పద్ధతి 2015 ప్రాంతంలో న్యాయస్థానం దాకా వెళ్లి ప్రశ్నకు గురైంది. ఇప్పుడు పదవీ విరమణ చేసిన శునకాలను దత్తతకు ఇస్తున్నారు. విధుల్లో ఉన్న శునకానికి దొరికిన ఆ గౌరవంలో కొంత, సైనికుడి ఇంట్లో ఉన్న కుక్కకు దొరకడం అసాధ్యమేమీ కాదు. బదిలీ భత్యంలో జంతువు రవాణాకు ఒక పద్దు, స్టేషన్లలో స్వల్పకాలిక సంరక్షణ వసతి, హోదాతో నిమిత్తం లేని ఒకే నియమావళి చాలు.

ఫోర్ట్ విలియంకు ఇటీవల విజయ్ దుర్గ్ అని పేరు పెట్టారు. కంటోన్మెంట్లలోని పౌర ప్రాంతాలను మునిసిపాలిటీల్లో కలిపే పని 2023లో హిమాచల్‌లోని ఖాస్ యోల్‌తో మొదలైంది. వలస ఆనవాళ్లు చెరిపే ఉత్సాహం గోడల మీది పేర్ల దగ్గర ఆగిపోతోంది. అద్వైత కంపెనీని, రాణిని, రిపబ్లిక్‌ను చూసిందంటారు. యజమానులు మారినా దాని తిండి ఆగలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఏదో ఒక ప్రభుత్వ పద్దులో ఉంది. బదిలీ ఉత్తర్వు అందుకున్న హవల్దార్ ఇంటి కుక్కకు ఉన్నది మెడలో బిళ్ల, దానిమీద ఒక నంబరు మాత్రమే.