చీకట్లో కీచురాయి

తరగతిలో ఎక్కడి నుంచో కీచుమని మోత రావడం, మాస్టారు బోర్డు వైపు నుంచి ఇటు తిరిగేసరికి ఆగిపోవడం ప్రతి బ్యాచ్‌కీ తెలిసిన అల్లరే. మనకన్నా ముందువాళ్ళు అగ్గిపెట్టెలో నిజం కీచురాయినే పట్టి తెచ్చేవారు. 1980లకు వచ్చేసరికి ఆ పురుగు పనిని ఎనిమిది కాళ్ళ నల్లటి చిప్పు ఒకటి అందుకుంది. దాని పేరు 555. మనలో చాలామందికి ఎలక్ట్రానిక్స్ తొలి పాఠం పుస్తకంలోంచి కాక ఈ అల్లరిలోంచే వచ్చింది కనుక, దాని కథ ఈ సంచికలో ఉండదగినదే.

దాన్ని రూపొందించినవాడు హాన్స్ కామెన్‌జిండ్, స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన ఇంజనీరు. కాలిఫోర్నియాలో సిగ్నెటిక్స్ కంపెనీ ఉద్యోగం వదిలేసి, 1971లో అదే కంపెనీకి కాంట్రాక్టు మీద ఈ పని చేశాడు. చేతికి వచ్చేది పాత జీతంలో సగం. ఇలాంటి చిప్పు అక్కరలేదు, ఉన్నవాటితోనే ఆ పని అవుతుందని కంపెనీలోని కొందరు ఇంజనీర్లు అడ్డుపడ్డారు. మార్కెటింగ్ చూసే ఆర్ట్ ఫ్యూరీ పట్టుబట్టాడు కాబట్టి ముందుకు కదిలింది. మొదటి డిజైనుకు తొమ్మిది కాళ్ళు కావలసి వచ్చాయి. అంటే పద్నాలుగు కాళ్ళ ప్యాకేజీలో పెట్టాలి, ధర పెరుగుతుంది. డిజైను ఆమోదం పొందాక కూడా ఆయన దాన్ని వదల్లేదు. లోపలున్న స్థిర కరెంటు ఏర్పాటు తీసేసి, మామూలు రెసిస్టరు చాలని తేల్చాడు. ఒక కాలు తగ్గింది. 1972లో 75 సెంట్లకు అమ్మకానికి వచ్చింది. ఆ ఒక్క కాలూ తగ్గకపోతే మన జేబులకు అది అందేది కాదనే నా నమ్మకం.

లోపల మూడు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయి కాబట్టి 555 అన్నారని కాలేజీలో మనకు చెప్పారు, మనం పరీక్షల్లో రాశాం, మార్కులూ పడ్డాయి. కామెన్‌జిండ్ మాత్రం ఆ అంకె ఆర్ట్ ఫ్యూరీకి తోచి పెట్టినదేనన్నాడు. అయితే ఆ మూడు రెసిస్టర్ల పని నిజమే. అవి బ్యాటరీ వోల్టేజిని మూడు సమాన భాగాలు చేస్తాయి. బయట పెట్టిన కెపాసిటరు మూడింట రెండు వంతులకు నిండగానే చిప్పు దాన్ని ఖాళీ చేయిస్తుంది, ఒక వంతుకు దిగగానే మళ్ళీ నింపనిస్తుంది. ఈ నిండడం, ఒలకడమే మోత. 1 కిలో ఓమ్, 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు వేస్తే సెకనుకు సుమారు 3,200 సార్లు జరుగుతుంది.

కీచురాయి కావాలంటే ఇలాంటివి రెండు. మొదటిది నెమ్మదిగా నడుస్తూ రెండోదాని నాలుగో కాలును అప్పుడప్పుడు వదులుతుంది. ఆ కాలు రీసెట్, అది కింద ఉన్నంతసేపూ చిప్పు నోరు మెదపదు. మొదటిదానికి ఒక డయోడు తగిలిస్తే కూత పొట్టిగా, మౌనం పొడుగ్గా వస్తుంది. దాని రీసెట్ కాలు నుంచి బ్యాటరీ మైనస్‌కు వెలుతురును పసిగట్టే ఎల్‌డీఆర్, ప్లస్‌కు 100 కిలో ఓమ్‌లు. లైటు వేస్తే మౌనం, ఆర్పితే కూత. వెతకడానికి వచ్చిన వాడికి దొరకదు. నిజం కీచురాయి కూడా అడుగుల అలికిడికి నోరు మూసుకుంటుంది కదా!

దొరకకపోవడానికి ఇంకో కారణం మన చెవులే. తక్కువ స్థాయి ధ్వనుల దిక్కును రెండు చెవులకూ చేరే సమయంలోని తేడాతోనూ, ఎక్కువ స్థాయివాటిని తల అడ్డుపడటం వల్ల వచ్చే తీవ్రత తేడాతోనూ పోల్చుకుంటామని లార్డ్ రేలీ 1907లో వివరించాడు. 1936లో హార్వర్డ్‌లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు మనిషిని మేడ మీద ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి పరీక్షించారు. 3,000 హెర్ట్‌జ్ దగ్గర మనుషులు ఎక్కువగా తడబడ్డారు. అక్కడ రెండు ఉపాయాలూ సరిగా పనిచేయవు. మన 3,200 సరిగ్గా ఆ గోతిలోనే పడుతుంది.

సామాన్లు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి వచ్చేవి. ఎవరి మామయ్యో, బాబాయో ఊరెళ్తుంటే చీటీ రాసి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు నాణెమంత బ్యాటరీ మీద నెలల తరబడి నడిచే తయారు బొమ్మలే దొరుకుతున్నాయి. కానీ వీటిని బల్ల కింద దాచే స్వేచ్ఛ తగ్గిపోయింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ, అదే కోఠిలో గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీ, వైర్లు ఉన్న దిక్కులేని డబ్బా ఎవరికీ నవ్వు తెప్పించలేదు. తప్పు పట్టలేం. అటు టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో 2015లో పద్నాలుగేళ్ళ కుర్రాడు గడియారం చేసి బడికి తెస్తే, నకిలీ బాంబు తెచ్చాడన్న అనుమానంతో చేతులకు బేడీలు వేశారు. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాడు దాచిపెట్టలేదు, టీచర్లకు చూపించుకున్నాడు.

సెలవుల్లో పిల్లలతో ఈ సర్క్యూటు కట్టిస్తుంటాను. డబ్బా మాత్రం లోపలంతా కనిపించే ప్లాస్టిక్‌దే. పైన పేరూ, తరగతీ రాయాలి. అలా రాస్తే ఎవరు పెట్టారో తెలిసిపోతుంది కదా అంకుల్ అని వాళ్ళ ఫిర్యాదు.