చిన్న పాట, చిన్నది చేసిన పాట

పోయిన వేసవిలో పాలకాయతిప్పలో మా అన్నయ్య కూతురికి కీబోర్డు నేర్పబోయి ఒక తప్పు చేశాను. ఫోనులో విని మనసు పడిందేమో, బేతోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్'నే నేర్పమంది. 1810 నాటి ఆ రచనలో మొదటి భాగం పిల్లల వేళ్ళకి అందుతుంది, మధ్య భాగాలు అందవు. కష్టమైనవన్నీ కత్తిరించి మిగిలింది ఇచ్చాను. నాలుగు రోజులు వాయించి, "ఇది ఆ పాట కాదు బాబాయ్" అని కీబోర్డు మీద గుడ్డ కప్పేసింది.

పిల్ల చెప్పింది నిజమే. సులువైన రచన వేరు, కోసి సులువు చేసిన రచన వేరు.

ఈ తేడా తెలిసినవాళ్ళు పిల్లల కోసం విడిగానే రాశారు. 1720లో బాఖ్ తన తొమ్మిదేళ్ళ పెద్దకొడుక్కి ఒక పాఠాల పుస్తకం మొదలుపెట్టాడు. తర్వాత 'ఇన్వెన్షన్లు'గా పేరుపడ్డ రచనల తొలిరూపాలు అందులోవే. వాటిలో ఎడమచెయ్యి ఊరికే తాళం వెయ్యదు, కుడిచేతితో సమానంగా తనూ పాడుతుంది. షూమన్ 1848లో కూతురి ఏడో పుట్టినరోజుకని మొదలుపెట్టినవి పెరిగి 43 రచనల సంపుటి అయ్యాయి. బార్తోక్ 'మైక్రోకాస్మాస్' 153 రచనలు, ఆరు సంపుటాలు. మొదటి రెండూ కొడుకు పీటర్‌కి అంకితం. ఇవన్నీ చిన్నవే కాని దేనికది పూర్తి.

మరి మనకి? సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు అని పురందరదాసు పేర చెప్పుకునే వరస ఉండనే ఉంది. మా దివిసీమలోని పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, త్యాగరాజ శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారి దగ్గర నేర్చుకున్నారు. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారి శిష్యులు బాలమురళీకృష్ణ. అయితే ఆ సంగీతం గొంతుది, గమకానిది. గొంతులో ఊగే స్వరం కీబోర్డు మెట్టు మీద ఊగదు. వర్ణం వాయిస్తే మళ్ళీ కోత పడ్డ పాటే అవుతుంది.

అప్పుడు గుర్తొచ్చాయి నొట్టుస్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టిన చిన్న రచనలు. 'సంతతం పాహిమాం' బాణీ అయితే ఇంగ్లండు జాతీయగీతానిదే. అన్నీ శంకరాభరణ స్వరాలు, గమకాలు లేవు. షడ్జమాన్ని 'సి' మీద పెట్టుకుంటే తెల్ల మెట్లు చాలు. సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగులో వెలువరించిన 'ప్రథమాభ్యాస పుస్తకము'లో వీటికి చోటిచ్చారు. ఎవరి కోసమో ఆ పేరులోనే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు 'శక్తిసహిత గణపతిం' నేర్పాను. రెండోరోజు సాయంత్రానికి మొదటినుంచి చివరిదాకా, ఏమీ వదలకుండా వాయించింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పాట అయిపోయిందని ఇద్దరికీ నేను చెప్పక్కర్లేకపోయింది.

రచన ఎంచేటప్పుడు ఇప్పుడు నేను ముందు చూసేది ఎన్ని స్వరాలున్నాయని కాదు, ఈ వేళ్ళతో ఇది పూర్తవుతుందా అని. 'ఫ్యూర్ ఎలీజ్' కాగితాలు బీరువాలో ఉన్నాయి. వేళ్ళు ఎదిగాక మొత్తం ఇస్తాను.