ముల్గీ మా చిరునామా

మేం ముస్లింలమని తెలియగానే చాలామందికి నవాబులు గుర్తొస్తారు. కోటలు, దేవిడీలు, షేర్వానీలు గుర్తొస్తాయి. మేం చదువుకున్న చరిత్ర పాఠాలూ అట్లాగే ఉండేవి. హైదరాబాద్ చరిత్ర అంటే 1591లో చార్మినార్ కట్టించినవాడి చరిత్ర. ఆ మినార్ల నీడలో లక్క కాచి గాజులు చేసినవాడు, అత్తరు అమ్మినవాడు, నవాబుకు షేర్వానీ కుట్టినవాడు ఆ పాఠాల్లో కనపడరు. మేం వాళ్ల పిల్లలం. మాకు కోటల్లేవు, దేవిడీల్లేవు. మాకున్నది ముల్గీ.

ముల్గీ అంటే రోడ్డుకు ముఖం పెట్టిన చిన్న దుకాణం. పాతబస్తీలో దాని పద్ధతి ఒక్క మాటలో చెప్తారు: 'నీచే దుకాన్, ఊపర్ మకాన్'. కింద బేరం, పైన కాపురం. అబ్బా గిరాకీతో మాట్లాడుతుంటే అమ్మీ పైనుంచి చాయ్ పంపుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లాడు పుస్తకాల సంచీ దుకాణంలోనే పడేస్తాడు. లాడ్ బజార్‌లో అమ్మే గాజుల వెనక చుట్టుపక్కల గల్లీల ఇళ్ల పని ఉంది, ఆ ఇళ్లలో ఆడవాళ్ల చేతులున్నాయి. ఆ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు గుర్తింపు వచ్చింది సరే, గాజు చేసే ఇంటికి ఎప్పుడొస్తుంది?

ఈ పద్ధతి నగర నిర్మాణానికి అడ్డం అనేవాళ్లు పత్తర్‌గట్టీ చరిత్ర చదవాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకోవడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. బోర్డు ఇరుకు బస్తీలు కూల్చింది, రోడ్లు వెడల్పు చేసింది. చార్మినార్‌కు పోయే దారినీ వెడల్పు చేసింది. కానీ దుకాణాన్ని ఊరవతలికి తోలెయ్యలేదు. రోడ్డు పక్కన నల్లరాతి కమానులు వరుసగా నిలబెట్టి కింద దుకాణాలు, పైన గదులు కట్టింది. అదే పత్తర్‌గట్టీ. బోర్డును నెత్తిన పెట్టుకోవాలని మేం అనడం లేదు. బస్తీ కూలినవాళ్లు ఏడ్చే ఉంటారు. అయినా రోడ్డూ దుకాణమూ ఒకేచోట బతకొచ్చని ఆ బోర్డుకు తెలుసు. ఆ కమానుల కింద ముస్లింలే లేరు. ముత్యాల వ్యాపారులు, చీరల దుకాణాలవాళ్లు, మార్వాడీలు, అందరూ పక్కపక్కనే బేరం చేశారు. మా ఉమ్మడి బతుకు అంటే సభల్లో ఉపన్యాసం కాదు, పక్క ముల్గీవాడి దగ్గర చిల్లర తీసుకోవడం. 1990 డిసెంబర్ అల్లర్లలో కర్ఫ్యూ పెట్టినప్పుడు షట్టర్‌తోపాటు మూతపడింది ఈ బతుకే.

తర్వాత వచ్చిన ప్లాన్లు ఇళ్లకొక రంగు, అంగళ్లకొక రంగు వేసి పటం గీశాయి. రెండూ కలిసిన మా గల్లీ వాళ్లకు ఇరుకుగానూ మురికిగానూ కనపడింది. అమెరికాలో జేన్ జేకబ్స్ 1961లోనే చెప్పింది, దుకాణాలూ ఇళ్లూ కలిసున్న వీధికే కాపలా ఉంటుందని. ఆ మాటను ఇవాళ చదువుకున్నవాళ్లు కొత్త సిద్ధాంతంలా చెప్తారు. మా నానీలకది తెలుసు.

పాత కట్టడాల రక్షణ సంగతీ చూశాం. 1995లో జాబితా వచ్చింది. రక్షణనిచ్చిన 13వ నిబంధనను 2015లో ఎత్తేశారు. 2017లో కొత్త చట్టం తెచ్చారు. ఇక పాతబస్తీ మెట్రో కోసం దారుల్‌షిఫా, శాలిబండ దారిలో ఆస్తులు తీసుకుంటూ గజానికి 81 వేలు కట్టారు. 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలైంది. మెట్రో వద్దని మేం అనం. మా పిల్లలూ ఎక్కాలి. కానీ గజం లెక్క నేలకే సరిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఒకే గడపకు వస్తున్న గిరాకీని ఏ గజంతో కొలుస్తారు? కిరాయిదారును, అతని దగ్గర పనిచేసే కుర్రాణ్ని ఏ పద్దులో రాస్తారు?

గోడల్ని కాపాడితే చాలనుకునేవాళ్లకూ ఒక మాట. మలేసియాలోని పెనాంగ్‌లో జార్జ్‌టౌన్ నిండా ఇట్లాంటి దుకాణం ఇళ్లే. దక్షిణాది నుంచి వెళ్లిన చూలియా ముస్లింలు అక్కడ మసీదు కట్టుకున్నారు, దాని చుట్టూ వ్యాపారం చేసుకున్నారు. 1966 నాటి కిరాయి నియంత్రణ చట్టం అక్కడి పాత ఇళ్లలో కిరాయిదార్లను కాపాడింది. 2000 జనవరి నుంచి ఆ రక్షణ పోయింది. కిరాయిలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోయారు. 2008లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఎన్నో ఇళ్లు హోటళ్లయ్యాయి. గోడ మిగిలింది, గోడలో మనిషి పోయాడు.

కూల్చి వెడల్పు చేసేవాడూ, సున్నం కొట్టి సందర్శకులకు చూపేవాడూ ఇద్దరూ మమ్మల్ని అడగకుండానే పటం గీస్తే మాకు తేడా ఏముంది? మేమడిగేది పెద్ద కోరికేం కాదు. ప్లాన్ గీసేముందు ముల్గీలో ఎవరున్నారో రాసుకోండి. కిరాయిదారు పేరు రాయండి, పైగదిలో గాజు చేసే ఆమె పేరు రాయండి. మీరు తిరగరాసే చరిత్రలోనైనా నవాబు పక్కన వాళ్ల పేర్లుండాలి.