జపాన్ నిమిషాలు లెక్కపెట్టడం నేర్చిన కథ

ఎడో కాలపు జపాన్‌లో, అంటే 1603 నుంచి 1868 వరకు, గంట నిడివి ఏడాది పొడవునా ఒకేలా ఉండేది కాదు. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఆరు భాగాలు, రాత్రికి ఆరు భాగాలు. ఒక్కో భాగం సగటున రెండు గంటలు. వేసవిలో పగటి భాగం సాగేది, రాత్రి భాగం కుదించుకుపోయేది, చలికాలంలో తారుమారయ్యేది. పంచాంగం చూసే తెలుగువారికి ఇది వింతేమీ కాదు. సూర్యోదయాస్తమయాల మధ్య కాలాన్ని ఎనిమిది పాళ్లు చేసి రాహుకాలం కట్టడంలో ఉన్నదీ ఇదే పద్ధతి. అంకెలు మాత్రం విచిత్రం: నడిరేయి తొమ్మిదితో మొదలై ఎనిమిది, ఏడు అంటూ నాలుగు దాకా దిగి, మిట్టమధ్యాహ్నం మళ్లీ తొమ్మిదికి వచ్చేవి.

నేటి టోక్యో అయిన ఎడో నగరంలో ఉయెనో, అసకుసా వంటి చోట్ల గంటలు మోగించి వేళ తెలిపేవారు. ముందు మూడు దెబ్బలు హెచ్చరికకు, ఆపైన లెక్క దెబ్బలు. యూరప్ గడియారం చేతికి వచ్చినప్పుడు జపాన్ పనివారు దాన్నే తమ కాలానికి తగ్గట్టు మార్చుకున్నారు. 1851లో తనకా హిసాషిగే చేసిన ‘మన్నెన్‌దోకెయ్’ గడియారంలో ఋతువును బట్టి అంకెల పలకలు వాటంతటవే జరిగేవి. ఇంత పనితనం ఉన్నా, మామూలు జనం బతుకులో నిమిషానికి చోటు లేదు.

1857లో నాగసాకి నౌకాదళ శిక్షణకు వచ్చిన డచ్ అధికారి కాటెన్‌డైకెకు ఈ తీరు మింగుడు పడలేదు. పోటు వేళకు అందాల్సిన సామగ్రి రాలేదని, ఒకసారి కనిపించిన పనివాడు మళ్లీ రాలేదని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నేటి జపాన్‌ను చూసినవారికి నమ్మశక్యం కాని ఫిర్యాదు ఇది. అలాగని ఎడో రైతుకు కాలం విలువ తెలియదనలేం. నాటి వ్యవసాయ గ్రంథాలు ఏ పని ఎప్పుడు చేయాలో, ఏ పనికి ఎంతసేపు పడుతుందో వివరంగా చెప్పాయి. చరిత్రకారుడు థామస్ స్మిత్ 1986 నాటి వ్యాసంలో దీన్నే ఎత్తిచూపాడు. రైతు కాలాన్ని పొదుపుగానే వాడాడు. కాకపోతే ఆ లెక్క పొలానిది, కుటుంబానిది, ఊరిది.

మార్పు రైలుతో వచ్చింది. 1872 అక్టోబరులో షింబషి, యొకొహామాల మధ్య 29 కిలోమీటర్ల దారి ప్రారంభమైంది. ప్రయాణం 53 నిమిషాలు. బండి వేళకు పది నిమిషాల ముందే స్టేషన్‌కు రావాలని, బయలుదేరే ముందే తలుపులు మూసేస్తామని ప్రకటించారు. నిమిషం దాటితే బండి దక్కదన్న అనుభవం జనానికి ఇదే మొదలు.

అదే ఏడాది డిసెంబరు 9న ప్రభుత్వం మరింత పెద్ద మార్పు ప్రకటించింది. చాంద్రమాన పంచాంగం రద్దు; పన్నెండో నెల మూడో తేదీయే 1873 జనవరి 1 అవుతుంది; రోజుకు 24 సమాన గంటలు. ప్రజలకు మిగిలిన గడువు మూడు వారాలు దాటి రెండు రోజులు. ఇంత తొందర ఎందుకు? పాశ్చాత్య దేశాలతో సమానంగా నిలవాలన్న తపన ఒక కారణం. రెండోది ఖజానా. పాత లెక్కన రాబోయే ఏడాదికి అధికమాసం ఉంది. ఉద్యోగులకు పదమూడు జీతాలివ్వాలి. కొత్త లెక్కతో ఆ జీతమూ తప్పింది, రెండు రోజులకే ముగిసిన పన్నెండో నెల జీతమూ తప్పింది. నాటి ప్రభుత్వంలో పెద్దమనిషి ఒకుమా షిగెనొబు తర్వాత ఈ సంగతి దాచుకోలేదు. నాగరికత పేరిట జరిగిన సంస్కరణల్లో ఇంత లాభసాటివి అరుదు. రచయిత ఫుకుజావా యుకిచి వెంటనే కొత్త క్యాలెండర్‌పై చిన్న పుస్తకం రాశాడు. గడియారం ఎలా చూడాలో కూడా అందులో ఉంది. అది విపరీతంగా అమ్ముడైంది. పల్లెల్లో మాత్రం పండుగలు దశాబ్దాల పాటు పాత తిథుల ప్రకారమే సాగాయి.

1888 జనవరి 1 నుంచి 135 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా దేశమంతటికీ ఒకే సమయం అమలైంది. 1892లో హత్తొరి కింతారో నెలకొల్పిన సెయ్‌కోషా కర్మాగారం గోడ గడియారాలు తయారు చేయసాగింది. బడి గంట పిల్లలకు, మిల్లు కూత కార్మికులకు వేళ నేర్పాయి. పట్టు మిల్లుల యజమానుల్లో కొందరు గడియారం ముల్లును వెనక్కి తిప్పి పని పొడిగించేవారు. వేళ పాటించమని చెప్పేవారే దాన్ని దొంగిలించారన్నమాట.

ఇన్ని చేసినా 1910 ప్రాంతంలో రైళ్లు ఆలస్యంగానే నడిచేవి. రైల్వే ఇంజనీరు యూకి హిరొతాకె డ్రైవర్లకు దారి పొడవునా గుర్తులు చూపి, ఏ గుర్తును ఏ క్షణానికి దాటాలో సాధన చేయించాడు. 1920లో టోక్యో విద్యా మ్యూజియంలో కాలంపై ప్రదర్శన జరిగింది. లక్షల్లో జనం వచ్చారు. జూన్ 10ని ‘కాల దినం’గా నిర్ణయించారు. 671లో తెంజి చక్రవర్తి నీటి గడియారంతో వేళ ప్రకటించిన రోజది. కొత్తగా అలవాటు చేస్తున్న గుణానికి ఆ విధంగా పన్నెండు వందల ఏళ్లకు పైబడిన వంశవృక్షం దొరికింది.

1879లో జపాన్‌లో కలిపేసిన ఒకినావాలో ఈ పాఠం అంతగా అంటలేదు. విందుకు ఆలస్యంగా రావడాన్ని అక్కడ నేటికీ ‘ఉచినా టైమ్’ అని నవ్వుతూ చెప్పుకుంటారు.

1964లో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు మొదలయ్యాక జపాన్ రైలు వేళ ప్రపంచ ప్రసిద్ధమైంది. బండి ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి ధ్రువపత్రం ఇస్తారు. 2017 నవంబరులో ఒక బండి 20 సెకన్లు ముందుగా బయలుదేరినందుకు త్సుకుబా ఎక్స్‌ప్రెస్ సంస్థ క్షమాపణ చెప్పింది. అయితే దీనికి మూల్యం ఎంతో 2005 ఏప్రిల్ 25నే బయటపడింది. అమగసాకి దగ్గర, నిమిషన్నర లోపు ఆలస్యంతో నడుస్తున్న రైలు మలుపులో అతివేగంతో పట్టాలు తప్పింది. డ్రైవరుతో సహా 107 మంది మరణించారు. తప్పు చేసిన డ్రైవర్లను అవమానించే ‘శిక్షణ’ భయం అతని మీద ఉందని దర్యాప్తులో తేలింది. జూన్‌లో ఆ మార్గం తిరిగి తెరిచినప్పుడు బండ్ల గరిష్ఠ వేగం తగ్గించారు, టైంటేబుల్‌లో ప్రయాణ సమయం పెంచారు.