కొండ పెట్టిన పేరు: మర్రిపాడు సీమలో ‘పెంచలయ్య’

కొన్నేళ్ల కిందట ‘పెంచలయ్య’ అనే పేరు మీద చిన్న వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. అది తిరిగొచ్చింది. పక్కన పరిశీలకుడి రాత: “ఇది కేవలం భక్తినామం. ఇందులో పరిశోధనాంశం లేదు.” ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. వెంకటేశ్వర్లు, సుబ్బారాయుడు, ఆంజనేయులు అనే పేర్ల సరసన పెంచలయ్యను కూడా పడేసి చేతులు దులుపుకోవడం మన నామవిజ్ఞానానికి అలవాటైపోయింది. పెంచలయ్య ఆ వరసలో ఇమడడని నిరూపించడానికే ఈ వ్యాసం.

నా అనుమానం పుస్తకాల్లో పుట్టింది కాదు. నెల్లూరు జిల్లా మర్రిపాడు మండలం డీసీపల్లి పొగాకు వేలం కేంద్రం దగ్గర పుట్టింది. బేళ్ల నంబర్లు రాసుకుంటున్న గుమాస్తా తలెత్తకుండా “పెంచలయ్యా!” అని కేకేశాడు. నలుగురు ఒక్కసారే “ఆఁ” అన్నారు. ఒకాయన బేళ్లు తెచ్చిన రైతు, రెడ్డి. ఇంకొకాయన హమాలీ, యానాది. మూడోవాడు ట్రాక్టర్ తోలే కుర్రవాడు, మాదిగ ఇంటివాడు. నాలుగో ఆయన టీ కొట్టు నడిపే బలిజ. గుమాస్తాకు ఇది కొత్త కాదు. “ఏ ఊరి పెంచలయ్య?” అన్నాడు. ఇంటిపేరు అడగలేదు, కులం అడగలేదు, ఊరడిగాడు. నలుగురూ నాలుగు ఊళ్ల పేర్లు చెప్పారు. ఆ నాలుగు ఊళ్లూ వెలికొండల నీడలోనివే.

ఆ రోజు నేను రాసుకున్న వాక్యం ఒక్కటే: ఈ పేరు మనిషి కులం చెప్పదు, కొండ చెబుతుంది.

పూర్వ పరిశీలన

నెల్లూరు జిల్లా మీద బాస్వెల్ 1873లో తెచ్చిన మాన్యువల్ ఉంది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి మూడు సంపుటాల్లో నెల్లూరు శాసనాలు అచ్చువేశారు. 1909లో థర్‌స్టన్, రంగాచారి ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల వివరాలు గుదిగుచ్చారు. వీటికి నేను రుణపడి ఉన్నాను. కానీ నా పేచీ వీటితో కాదు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ పేరు మీద నడుస్తున్న ఒక వాదంతో.

కూర్గు సమాజం మీద 1952లో వెలువడిన గ్రంథంలో శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ను ప్రతిపాదించారు. కింది కులాలు పై కులాల ఆచారాలను, దేవతలను, తిండి నియమాలను అనుసరిస్తూ మెట్టెక్కజూస్తాయని దాని సారాంశం. ఆయన తాను పరిశోధించిన చోట తాను చూసింది చెప్పారు. ఆ సూత్రాన్ని మనవాళ్లు పేర్లకు అతికించిన తీరే నాకు మింగుడుపడదు. వారి లెక్కలో పెంచలయ్య కథ ఇలా నడుస్తుంది: వెలికొండల్లోని పెంచలకోన అడవిలో చెంచుల దేవుడొకడు ఉన్నాడు, బ్రాహ్మణ పురోహితులు వచ్చి అతణ్ణి నరసింహస్వామిని చేశారు, స్థలపురాణం అల్లారు, ‘పెనుశిల’ అని పేరు పెట్టారు, ఆ పెనుశిల జనం నోట్లో పాడై ‘పెంచల’ అయింది, పై కులాలను చూసి కింది కులాలు ఆ పేరు పెట్టుకున్నాయి. ఈ మెట్లలో ప్రతి ఒక్కటీ పైనుంచి కిందికే దిగుతుంది. నేను చూసిన నేల మీద నీళ్లు అటు పారలేదు.

పెంచలలో చ

ముందు భాష సంగతి. పెంచల పాడైన రూపం కాదు, పండిన రూపం. అనునాసికం తర్వాత వచ్చే స, శ కారాలు తెలుగు నోట్లో చకారమవడం పాత సంగతే. హంస ‘అంచ’ అయింది. కాంస్యం ‘కంచు’ అయింది. పెనుశిలలో ‘ను’లోని ఉకారం జారిపోగానే నకారం శకారానికి ఆనుకుంటుంది. అక్కడ చ పుట్టక తప్పదు. పెంచిల, ఆ తర్వాత అచ్చుల సర్దుబాటుతో పెంచల. రాపూరు దారిలో ముసలివాళ్ల నోట ‘పెంచిలకోన’ నేటికీ వినిపిస్తుంది. అంటే నడిమి మెట్టు ఇంకా చెరిగిపోలేదు. హంసను అంచగా మార్చుకున్నంత పాత నోరు ఈ పేరును నమిలిందంటే, పేరు నిన్నమొన్నటిది కాదు.

ఇక పెనుశిల అనే మాటనే విప్పి చూద్దాం. శిల సంస్కృతం. పెను అచ్చ తెలుగు. చిన్నయసూరి లెక్కలో ఇది మిశ్రసమాసం. పైనుంచి దిగిన పేరే అయితే పురోహితుడు ‘మహాశిల’ అనో ‘బృహచ్ఛిల’ అనో అనేవాడు. ‘పెను’ను వదిలించుకోలేకపోయాడంటే అది అప్పటికే అక్కడ పాతుకుపోయి ఉంది. ఇంకో మాట కూడా ఆలోచించాలి. పెంచలకోన గర్భగుడిలో స్వామి చెక్కిన విగ్రహం కాదు. రెండు శిలలు ఒకదానికొకటి చుట్టుకున్నట్టు ఉండే స్వయంభువు. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపం చల్లారక తిరుగుతున్న నరసింహుడు చెంచు పిల్లను చూసి చల్లబడి, ఆమెను పెనవేసుకుని శిలయ్యాడని కోనలో చెప్పుకుంటారు. దీనికి అలిగిన ఆయన భార్య ఆదిలక్ష్మికి వేరే గుడి ఉంది. ఈ కథను పట్టుకుంటే మూలం ‘పెను’ కాదు, ‘పెన’. పెనగొనడం, పెనవేయడంలోని పెన. పెద్ద రాయి కాదు, పెనవేసుకున్న రాయి. చూసిన కంటికి తోచిన పేరు అది. పుస్తకం చదివినవాడు పెట్టింది కాదు, రాతి ముందు నిలబడ్డవాడు పెట్టింది. ‘పెను’ నుంచి కూడా ధ్వనిపరంగా ఇదే రూపం వస్తుందన్నది నిజమే.

మొక్కు దారి

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు సీమల్లో మగపిల్లవాడికి పెంచలయ్య అనే పేరు ఎలా వస్తుందో చూడాలి. పిల్లలు లేనివాళ్లు, పుట్టి పోగొట్టుకున్నవాళ్లు కోనకు పోతారు. శనివారం స్వామికి ప్రధానం. రాత్రి అక్కడే నిద్ర చేస్తారు. కలలో పండో పువ్వో కనిపిస్తే మొక్కు పలికినట్టు. బిడ్డ పుట్టాక పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు, పేరు ఖాయం చేస్తారు. పంచాంగం చూసి నక్షత్రాన్ని బట్టి అక్షరం వెతికే పని ఇక్కడ లేదు. కంపసముద్రం వైపు ఒక ఇంట్లో ముసలమ్మను పట్టుకుని, మనవడికి ఈ పేరు ఎవరు పెట్టారని అడిగాను. ఒళ్లో చింతపండు గింజలు తీస్తూనే చెప్పింది: “మేం పెట్టేదేముందబ్బాయా? ఆయన ఇచ్చినోడు, ఆయన పేరే. వేరే పేరు పెట్టేదానికి మేమెవరం?” పక్కన కూర్చున్న కోడలు, బడిలో వేరే పేరు రాయించాలని మొగుడు అన్నాడని గొణిగింది. ముసలమ్మ చేతిలో గింజ చేటలో పడేసి, “రాయించుకోమను. పిలిచేదానికి పెంచలయ్యే” అంది.

ఆ ఒక్క మాటలో నా వాదమంతా ఉంది. పేరు అప్పు. ఇచ్చినవాడి గుర్తుగా ఒంటి మీద మోసే ముద్ర. మెట్టెక్కడానికి పెట్టుకున్నది అయితే, మెట్టు మీద ఉన్న రెడ్డి దీన్ని ఎందుకు పెట్టుకున్నట్టు? పెంచలరెడ్డి, పెంచలనాయుడు, పెంచలరావు అనే పేర్లు చూడండి. కులం చివరన తోకగా వచ్చి చేరింది. తల మాత్రం కోనదే. చెంచుల అల్లుడి పేరును భూములున్నవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఇదీ సంస్కృతీకరణేనా? దీనికి పేరు పెట్టాలంటే ‘కోనీకరణ’ అనాలి.

ఆడపిల్లలకు పెంచలమ్మ, మగపిల్లలకు పెంచల నరసింహులు, పెంచల ప్రసాద్ అన్నవి ఇదే చెట్టు కొమ్మలు. చెంచయ్య, చెంచమ్మ అనేవి చెంచు పిల్ల అయిన అమ్మవారి వైపు నుంచి వచ్చినవి. తండ్రి పేరు పెంచలయ్య, కొడుకు పేరు చెంచయ్య అయిన ఇళ్లు ఈ సీమలో ఉన్నాయి. భార్యాభర్తలైన దేవతలిద్దరూ ఒక ఇంటి వంశవృక్షంలో ఇలా కాపురం ఉంటారు.

పేరు మోసినవాళ్లు

ఈ పేరు ఎంత దూరం నడిచిందో చూడటానికి రెండు ఉదాహరణలు చాలు. నెల్లూరు లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వై ఉన్న కాలంలో 1984లో తెలుగుదేశం తరఫున, 1989లో కాంగ్రెస్ తరఫున గెలిచింది పుచ్చలపల్లి పెంచలయ్య. పార్టీ మారినా పేరు మోసిన బలం మారలేదు. వెలికొండలకు ఆవలి పక్క కడప సీమ నుంచి వచ్చిన జానపద గాయకుడు పెంచల్ దాస్ 2018లో ‘కృష్ణార్జున యుద్ధం’ సినిమాకు ‘దారి చూడు’ పాట రాసి పాడారు. ఆ పాట ఊరూరా మోగినప్పుడు, పెంచల్ ఏ భాష మాట అని కోస్తా మిత్రులు నన్ను అడిగారు. నెల్లూరులో ఎవరూ అడగలేదు. కొండకు అటూ ఇటూ ఉన్న రెండు జిల్లాలు ఒక పేరు కింద ఒకటే సీమ అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సరిహద్దు పేర్లు

మర్రిపాడు నుంచి ఉత్తరంగా, ఉదయగిరి దాటి కందుకూరు వైపు పోయేకొద్దీ పెంచలయ్యలు పలచబడి మాలకొండయ్యలు చిక్కబడతారు. వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. అక్కడి స్వామి కూడా నరసింహుడే. అయినా ఆ ఇంటి బిడ్డ నరసింహులు కాడు, మాలకొండయ్య అవుతాడు. చదువుకున్న ఇళ్లలో మాల్యాద్రి అవుతాడు. 2018లో రాష్ట్ర డీజీపీగా పనిచేసిన మాలకొండయ్య, 2014లో బాపట్ల ఎంపీ అయిన శ్రీరాం మాల్యాద్రి, ఇద్దరూ ఒకే కొండ పేరును రెండు రూపాల్లో మోశారు. దేవుడు ఒక్కడే, పేర్లు రెండు. కాబట్టి పేరు దేవుడిది కాదు, కొండది. పరిశీలకుడి ‘భక్తినామం’ అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

దుత్తలూరు మండలం నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు గుడి ఉంది. ఆ చుట్టుపక్కల వెంగమ్మలతోపాటు వెంగయ్యలు కూడా ఉంటారు. ఆడదేవత పేరును మగపిల్లవాడు మోస్తున్నాడు. (కొన్ని ఇళ్లలో వెంగయ్య వెంకయ్యకు మారురూపం కావచ్చు.) తూర్పున వెంకటాచలం మండలం కసుమూరులో మస్తాన్‌వలి దర్గా ఉంది. అక్కడ మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్య, మస్తాన్‌రెడ్డి, మస్తానమ్మ అనే పేర్లు కొల్లలు. సంగం మండలంలో గిరిజన కుటుంబంలో పుట్టి, 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి, 2015లో ఆండీస్ మంచులో ప్రాణం విడిచిన మల్లి మస్తాన్‌బాబు పేరులో ఆ దర్గా ఉంది. ఏ మతమైనా మొక్కు దారి ఒక్కటే అని ఈ నేల ఇలా తన బిడ్డల పేర్లలో రాసిపెట్టుకుంది.

మళ్లీ పెంచల ‘పాడైన రూపం’ అన్న మాటకొస్తే, గుడిలో ఉన్న పేరును ఊరి నోరు తనకు తగ్గట్టు మలుచుకోవడం ఎక్కడైనా ఉంది. బెలారస్‌లో చర్చి పుస్తకంలోని కాన్‌స్టాంటిన్ పల్లెలో కస్తూస్ అవుతాడు. 1863 తిరుగుబాటును నడిపి మరుసటి ఏడు ఉరికంబమెక్కిన కలినౌస్కీని ఆ దేశం కస్తూస్ అనే ఇంటి పిలుపుతోనే తలచుకుంటుంది. అక్కడ ఎవరూ కస్తూస్‌ను పాడైన కాన్‌స్టాంటిన్ అనరు. మనం మాత్రం పెంచలను పాడైన పెనుశిల అంటాం.

శాసనానికెక్కని చరిత్ర

1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తరలించి గుడి కట్టించాడు. ఆ సంగతి శాసనాలకెక్కింది. గెలిచినవాడు దేవుణ్ణి బండికెత్తించుకుని పోగలిగాడు. పెంచలయ్యను ఎవరూ తీసుకుపోలేదు. కొండతో పెనవేసుకున్నవాణ్ణి కదిలించడం కుదరదు. శాసనాల్లో దాతలు, ఏలికలు, అగ్రహారీకులు కనిపిస్తారు. వెలికొండల్లో మేకలు కాసినవాడు కనిపించడు. వాడి చరిత్ర ఉన్నది వాడి పేరులోనే. ఒక్కో పెంచలయ్య ఒక్కో శాసనం. మర్రిపాడు నుంచి రాపూరు దాకా ఈ శాసనాలను వరసపెట్టి చదివితే, రాజ్యాలు రాకముందు ఈ సీమ ఎలా ఒక్కటై బతికిందో తెలుస్తుంది. పశువుల దారి, మొక్కుల దారి, పెళ్లిళ్ల దారి ఒకటేనని తెలుస్తుంది.

ఆ చదువుకు ఇక ఎక్కువ గడువు లేదు. ఇప్పుడు పుడుతున్నవాళ్లు చరణ్‌లు, తేజలు. నడిమి తరం ‘పెంచల సాయి’ దగ్గర రాజీపడింది. పదో తరగతి పత్రంలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో మరో స్పెల్లింగు ఉండి, కువైట్ పోవడానికి పాస్‌పోర్టు కోసం తిరిగిన పెంచలయ్యలు తమ బిడ్డలకు ఆ తిప్పలు వద్దనుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలను మాత్రం అడుగుతాను: ఓటర్ల జాబితాలు పట్టుకుని ఊరూరా ఈ పేర్లను పటాల మీద గుర్తించే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఈ మధ్య డీసీపల్లి మళ్లీ వెళ్లాను. గుమాస్తా మారాడు. కొత్త కుర్రవాడు కంప్యూటర్ చూసి నంబరు పిలుస్తున్నాడు. నంబరుకు ఒక్కరే లేస్తున్నారు.