యు-యు-యు: జీవభాషలో తొలి మాట

1953లో శాస్త్రవేత్తలు వాట్సన్, క్రిక్ డీఎన్ఏ రూపం తేల్చారు. రోజాలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధనలో తీసిన ఎక్స్-రే చిత్రాలు వారికి దారి చూపాయి. మెలితిరిగిన నిచ్చెన, మెట్లుగా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు. ఏకి జత టీ, జీకి జత సీ. పుస్తకం దొరికింది కానీ చదవడం ఎవరికీ రాదు.

మన ఒంట్లో ఎక్కువ పనులు నడిపేవి ప్రొటీన్లు. అవి 20 రకాల అమైనో ఆమ్లాల పూసలు గుచ్చిన దండలు. ఏ పూస తర్వాత ఏ పూసో చెప్పేది డీఎన్ఏ. నాలుగు అక్షరాలు ఇరవై పూసల పేర్లు ఎలా చెబుతాయి? రెండేసి కలిపితే 16 మాటలే, చాలవు. మూడేసి కలిపితే 64. లెక్క అంతవరకే చెప్పగలదు. ఏ మాట ఏ పూసదో ప్రయోగమే తేల్చాలి.

అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో మార్షల్ నీరెన్‌బర్గ్‌కు 1961లో 34 ఏళ్లు. పెద్ద పేరేమీ లేదు. డీఎన్ఏ తన సందేశాన్ని ఆర్ఎన్ఏగా నకలు తీయించి పంపుతుంది. ఆ నకలులో టీకి బదులు యు ఉంటుంది. ఆ నకలును మనమే రాసి ఇస్తే? జర్మనీ నుంచి వచ్చిన హైన్రిఖ్ మాథైతో కలిసి ఆయన ఈ-కోలి బ్యాక్టీరియాను నూరి, ప్రొటీన్ తయారీ సరంజామా అంతా ఉన్న రసం తీశారు. పలక మీద ఒకే అక్షరం దిద్దినట్టు, అన్నీ యులే ఉన్న కృత్రిమ ఆర్ఎన్ఏను అందులో కలపాలనుకున్నారు.

1961 మే 27న మాథై ఆ ప్రయోగం చేశారు. ఇరవై పూసల్లో ఫినైల్‌అలనైన్ ఒక్కటే దండగా కూడింది. తొలి మాట యు-యు-యుకు అర్థం దొరికింది.

ఆగస్టులో మాస్కో సదస్సులో నీరెన్‌బర్గ్ ఈ సంగతి చెప్పినప్పుడు విన్నది కొద్దిమందే. విషయం తెలిసిన క్రిక్, పెద్ద సభలో మళ్లీ చెప్పించారు.

మిగతా మాటల వేటలో హరగోవింద్ ఖొరానా ముందు నిలిచారు. అవిభక్త పంజాబ్‌లో సుమారు 100 మంది ఉన్న ఆయన ఊళ్లో చదువొచ్చిన కుటుంబం దాదాపు వారిదొక్కటే. కోరిన వరుసలో అక్షరాలు పేర్చే విద్య ఆయనది. 1966కల్లా పట్టిక పూర్తయింది: 61 మాటలు పూసలకు, మూడు 'ఇక ఆపు' అనడానికి. 1968లో నీరెన్‌బర్గ్, ఖొరానాలతో పాటు మరో శాస్త్రవేత్త రాబర్ట్ హోలీకి నోబెల్ వచ్చింది.

ఈ భాష సూక్ష్మజీవికీ మనిషికీ దాదాపు ఒక్కటే. అందుకే మనిషి ఇన్సులిన్ జన్యువును ఇస్తే అదే ఈ-కోలి చదివి ఇన్సులిన్ తయారుచేస్తోంది. 1982 నుంచి అది మధుమేహ రోగులకు అందుతోంది.