సారా కేసులో ముద్దాయి

కరువు చరిత్రను మనం ఇంతవరకు వానలెక్కల్లో, గంజి కేంద్రాల్లో, వలసబళ్లలో వెదికాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం మెట్టసీమలో ఆ చరిత్ర నమోదైన చోటు మరొకటి ఉంది. అది మేజిస్ట్రేటు కోర్టు. ఫలానా ముద్దాయి స్వాధీనంలో ఇంత సారా దొరికిందనే వాక్యం ఆ కోర్టు కాగితాల్లో తరతరాలుగా నడుస్తూ వచ్చింది. పాలకులు మారారు. చట్టాల పేర్లు మారాయి. ఆ వాక్యం మాత్రం మారలేదు. ఎందుకు మారలేదో సాహిత్య విద్యార్థులు కూడా ఆలోచించాలని నా ఉద్దేశం.

మొదట ‘నేరం’ అన్న మాటను పరిశీలిద్దాం. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టానికి తాగుడు నేరం కాదు. సర్కారుకు సొమ్ము కట్టకుండా కాయడం, గీయడం, దగ్గర ఉంచుకోవడం నేరం. వంకగట్టున దానంతటది మొలిచిన ఈత చెట్టుకు కుండ కట్టాలన్నా అనుమతి కావాలి, పన్ను కట్టాలి. దుకాణాల మీద హక్కు వేలంపాటలో ఎక్కువ పాడినవాడిది. అదే సారా పాటదారు దుకాణంలో ఉంటే సరుకు, గుడిసెలో ఉంటే నేరం. పానీయంలో తేడా లేదు, ఖజానాకు చేరిన రూపాయిలోనే ఉంది తేడా. మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత అబ్కారీయే పెద్ద ఆదాయ వనరుల్లో ఒకటిగా ఉండేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ చట్టం ఎవరిని కాపాడిందో వేరే చెప్పనక్కరలేదు.

జాతీయోద్యమం ఈ ఆదాయాన్ని పాపపు సొమ్ము అన్నది. రాజాజీ మంత్రివర్గం 1937లో మద్యనిషేధ చట్టం తెచ్చి, ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను వచ్చింది. యుద్ధకాలంలో ఆగిపోయిన నిషేధం 1946లో, ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా, మళ్లీ మొదలై 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా అమలయింది. దాని వెనుక ఉన్న ఆశయాన్ని నేను తక్కువ చేయను. కూలిడబ్బు ఇంటికి చేరని ఆడవాళ్ల బాధ నిజం. అయితే ఆశయం ఒకటి, దాన్ని అమలు చేసే యంత్రం మరొకటి.

ఆ యంత్రానికి ఇరుసు 1937 చట్టంలోని 4వ సెక్షన్ రెండవ ఉపవిభాగం. మద్యం ఎవరి స్వాధీనంలో దొరికిందో అతడు దానికి సంతృప్తికరమైన సంజాయిషీ చెప్పుకోలేకపోతే, నేరం చేసినట్టే భావించవచ్చునని దాని సారాంశం. నేరాన్ని రుజువు చేయవలసింది ప్రాసిక్యూషన్ అన్న సామాన్య న్యాయం ఇక్కడ సగం దూరం వచ్చి ఆగిపోతుంది. మిగతా సగం బరువు ముద్దాయి నెత్తిన పడుతుంది. ఈ నిబంధన సాక్ష్య చట్టానికి విరుద్ధమని, సమానత్వ హక్కును భంగపరుస్తున్నదని ఏ.ఎస్. కృష్ణ అనే మద్రాసు కేసులో సవాలు చేశారు. 1956 నవంబరు 28న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన నెలలోనే, సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మద్యం రాష్ట్రాల శాసనాధికారంలోని విషయమనీ, చట్టం చెల్లుతుందనీ తీర్పు చెప్పింది.

పెద్ద కోర్టులో ఇది రాజ్యాంగ చర్చ. కింది కోర్టులో ఇది కూలివాడి బతుకు. స్వాధీనం రుజువైతేనే ఆ భావన వర్తిస్తుంది కనుక కేసంతా ‘స్వాధీనం’ అన్న ఒక్క మాట మీద నిలుస్తుంది. గోడలు సగమే ఉన్న ఇల్లు, నలుగురు వాడుకునే దొడ్డి, ఎవరిదీ కాని కంపపొద. ఆ పొదలో దొరికిన కుండ ఎవరిది? జవాబు మధ్యవర్తుల నివేదికలో ఉంటుంది. సోదాకు వెళ్లినవారు ఊళ్లో ఇద్దరిని పిలిచి సంతకం చేయిస్తారు. ఒక సీసాలో నమూనా తీసి, లక్కముద్ర వేసి రసాయన పరీక్షకు పంపుతారు. బెల్లం ఊటను అక్కడే పారబోస్తారు. 1984లో రద్దయ్యేవరకు ఆ సంతకాలకు అందుబాటులో ఉన్నవారు కరణం, మునసబులు. అంటే భూమి ఎవరిదో రాసేవారూ, కుండ ఎవరిదో చూశామనేవారూ ఒక్కరే కావడానికి అవకాశం ఉండేది. తర్వాత వాయిదాలు. ఒక్కొక్క వాయిదాకు ఒక దినం కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టడమే చవక అనిపించే స్థితి వస్తుంది. ఆ ఒప్పుకోలు నేరానికి రుజువా, పేదరికానికి రుజువా?

తర్వాతి చరిత్ర చకచకా మలుపులు తిరిగింది. నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసు మీద తలెత్తిన వివాదంలో 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గమే కూలిపోయింది. 1968 ఎక్సైజ్ చట్టంతో ఆదాయపు లెక్క మళ్లీ ముందుకు వచ్చింది. 1980లలో ‘వారుణవాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పంపిణీ చేయించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరి 16న సమస్త మద్యం నిషేధమయ్యాయి. 1997లో సారా తప్ప మిగతా మద్యానికి తలుపులు తెరుచుకున్నాయి. ఆ స్త్రీలు పోరాడింది వేలంపాటతోనూ, పాటదారుతోనూ. వాళ్ల పోరాట ఫలమైన చట్టం కోర్టు మెట్లెక్కేసరికి, పాటదారు కనిపించడు. బోనులో కుండవాడే మిగులుతాడు.

మన సీమలో దీనికి సరిహద్దు కూడా తోడయింది. మూడువైపులా కర్ణాటక చుట్టుకున్న మడకశిర, అలాగే హిందూపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. రాయదుర్గం అనంతపురం జిల్లాలోనే ఉంది. తుమకూరు జిల్లా పావగడ ఇంచుమించు ఆంధ్ర గ్రామాల మధ్యనే ఉంది. బంధుత్వాలూ సంతలూ ఈ గీతను ఎన్నడూ లెక్కచేయలేదు. 2020 మే నెలలో ఆంధ్రలో మద్యం ధరలు 75 శాతం పెరిగినప్పుడు, అటువైపు అంగట్లో ధర చెల్లించి కొన్న ప్యాకెట్టు ఇటువైపు నాలుగడుగులు వేయగానే నేరమయింది. 1886 నాటి సూత్రమే ఇది. మధ్యలో రాజ్యాంగం వచ్చింది గాని, సరుకును నేరంగా మార్చే లెక్క మారలేదు.

సారాను సమర్థించడానికి ఇదంతా రాయడం లేదు. సారా మనిషిని చంపుతుంది, ఇంటిని ముంచుతుంది. కాని రచయితగా నన్ను కలవరపెట్టేది ఆ కాగితాల్లోని మౌనం. ఇన్‌స్పెక్టరు మాట, మధ్యవర్తి మాట, రసాయన పరీక్షకుడి మాట పేరాలు పేరాలుగా ఉంటాయి. ముద్దాయికి చట్టం తనంతట తానుగా మాట్లాడే సందు ఒకటి ఇచ్చింది. 1973 స్మృతిలో 313వ సెక్షన్, 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త సంహితలో 351. అక్కడ కూడా సాధారణంగా మిగిలేది “అబద్ధం” అన్న ఒక్క మాటే.

ఆ మాటకు ముందు చాలా ఉంది. ఎండిన వేరుశనగ చేను ఉంది, చేబదులు పుట్టని ఆదివారం సంత ఉంది, ఊట పెట్టిన బెల్లం అప్పు ఉంది, తాగి వచ్చినవాడి చేతిలో దెబ్బలు తిన్న భార్య ఉంది. కాచినవాడూ తాగినవాడూ ఒకే వాడలోవాళ్లు, బాధపడ్డదీ ఆ వాడే. ఈ వైరుధ్యాన్ని చార్జిషీటు ఇముడ్చుకోలేదు, నినాదమూ ఇముడ్చుకోలేదు. కథ ఇముడ్చుకోగలదు. అందుకే మన యువ రచయితలు కరువు మీద రాయబూనినప్పుడు పొలంగట్టుతో పాటు కోర్టు వరండాను కూడా చూడాలని, వాయిదా పిలుపు కోసం కూర్చున్నవాళ్లను పలకరించాలని కోరుతున్నాను.